మనదంటే ఎవరిది

లంక తోట కథ చెప్పమని సంఘంలో కుర్రాళ్లు అడిగారు. నాకు సంతకం వరకే వచ్చు, రాయడం రాదు. నేను చెబుతుంటే రాస్తానని మనవరాలు కూర్చుంది. మొదటి మాట దగ్గరే ఆగిపోయింది. "తాతయ్యా, 'మా తోట' అని రాయనా, 'మన తోట' అని రాయనా?" అంది. ఏదో ఒకటి రాయమ్మా అన్నాను. రాసి కొట్టేసింది.

ఆ మాట దగ్గరే మా నాన్న కూడా ఆగిపోయాడు. తొంభై తొమ్మిదో సంవత్సరం, శ్రావణంలో మొదలై కార్తీకంలో ముగిసింది ఆ సంగతి.

మా నాన్న పేరు బాలస్వామి. ఆయన నోట్లో ఎప్పుడూ ఒక మాట ఉండేది. చేతిలో ఏది పట్టుకుని ఉన్నా, పెద్దవాళ్లెవరైనా "ఎవరిదిరా అది?" అంటే "తమదేనండి" అనేవాడు. గొడ్డలైనా అంతే, గేదె దూడైనా అంతే. ఆ మాటతో పాటు భుజం మీద తువ్వాలు దానంతటదే చేతిలోకి వచ్చేసేది. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక, కొత్తగా వచ్చిన పాస్టరు గారు మా చిన్నకూతురు షీబాను చూసి "ఎవరమ్మాయి బాలస్వామీ?" అని అడిగారు.

"తమ పిల్లేనండి" అన్నాడు మా నాన్న.

"నాకు ఇంట్లో నలుగురున్నారయ్యా. ఈ పిల్లని కూడా నేనెక్కడ పెంచను?" అన్నారు పాస్టరు గారు.

చర్చి మెట్ల మీద అందరూ నవ్వారు. మా నాన్న కూడా నవ్వాడు. అది నవ్వుకునే మాటే, అప్పటికి.

మా ఊరి ముందు కృష్ణలో రెల్లులంక ఉంది. పడవ మీద వెళ్లాలి. సర్కారు లంక. మా పేటలో కూలికి వెళ్లేవాళ్లంతా కలిసి సంఘం పెట్టుకుంటే, దాన్ని అయిదేళ్ల కౌలుకు ఇచ్చారు. రెల్లు కొట్టి, దుబ్బులు తవ్వి, చక్కెరకేళి వేశాం. పిలకలు మల్లికార్జునరావు గారి తోటలోవి. ఆయన్ని మేమంతా కామందుగారు అంటాం. మా నాన్న ఆయన తండ్రి దగ్గరా, ఆయన దగ్గరా పాలేరుగా చేసి ముసలివాడయ్యాడు. సంఘం పెట్టుకున్నామని వెళ్లి చెబితే కామందుగారు నవ్వి, "తవ్వుకుపోండ్రా, ఎన్ని కావాలంటే అన్ని" అన్నారు. పిలకలకు ఏమీ పుచ్చుకోలేదు. అది కూడా చెప్పుకోవాలి.

మా సంఘానికి ఒక కట్టుబాటు ఉండేది. మేస్త్రీ ఉండకూడదు. ఎవరూ ఎవరికీ పని చెప్పకూడదు, అందరం సొంతదారులమే. ఆ కట్టుబాటు రాసుకున్న మర్నాడు పొద్దున్నే అందరం లంక గట్టు మీదికి చేరాం. పారలు పట్టుకుని నిలబడ్డాం. ఎండెక్కుతోంది, ఎవరూ కదలరు. పుట్టి బుద్ధెరిగాక ఒకళ్లు చెబితే చేసినవాళ్లమే కానీ, ఏం చెయ్యాలో మాకు మేం అనుకున్నది ఎప్పుడూ లేదు. అప్పుడు మా నాన్న గొంతు సవరించుకుని, "కామందుగారైతే ఇవాళ కాలవ పూడిక తియ్యమనేవారు" అన్నాడు. అందరం వెళ్లి పూడిక తీశాం. మర్నాడు "కామందుగారైతే ఎరువెయ్యమనేవారు." వేశాం. అయిదేళ్లూ మా సంఘం ఆ మాట మీదే నడిచింది. నవ్వుకుంటూనే నడిపాం. తోట కూడా బాగా వచ్చింది.

అరటి చెట్టు ఒక్క గెల వేస్తే దాని పని అయిపోయినట్టే. దాన్ని నరికేస్తే పక్కన వచ్చిన పిలక చెట్టవుతుంది. అలా తల్లి పోయి పిల్ల, పిల్ల పోయి దాని పిల్ల నిలబడేసరికి లంక అంతా పచ్చగా కమ్ముకుంది. గుడివాడ, బందరు కొట్లవాళ్లు మా రేవుకే వచ్చి గెలలు ఎత్తుకుపోయేవాళ్లు. కౌలు తిరగరాయించుకోవలసిన ఏడు వచ్చింది. అప్పుడు కామందుగారు సర్కారుకి అర్జీ పెట్టారు. సంఘమనేది పేరుకేనని, తోట తనదని, పిలకలు తనవని, మేమంతా ఆయన కూలీలమని.

"పిలక ఆయనదైతే గెల ఆయనదవుతుందా?" అంది మా ఆవిడ రాజకుమారి. "నేను మా అమ్మ పిలకనే. నా కూలి డబ్బులు మా అమ్మకిచ్చారా ఎవరైనా?"

కామందుగారింట్లో ఏ శుభకార్యమైనా గుమ్మానికి కట్టే అరటి చెట్లు మా నాన్నే నరికి, మోసుకెళ్లి, కట్టి వచ్చేవాడు. వాళ్లు కబురు పెట్టేవాళ్లు కాదు, ఈయన అడిగేవాడు కాదు. లంక తోట వచ్చాక ఆ చెట్లు లంక నుంచే వెళ్లేవి. సంఘంలో ఒకరిద్దరు గొణిగేవాళ్లు. నేను విననట్టు ఊరుకునేవాణ్ణి. సంఘానికి ప్రెసిడెంటుని నేనే. నా పేరు తోమాసు.

శ్రావణంలో ఒక పొద్దున నేను తోట లోపల గెల దిగిన చెట్లకు వెదురు గెడలు ఆనించి కడుతున్నాను. వానకు నేల మెత్తబడి, గెల బరువుకు చెట్లు ఒరుగుతున్నాయి. లక్ష్మయ్య బురదలో జారుకుంటూ వచ్చాడు. లక్ష్మయ్య మా పడవ నడిపేవాడు, సంఘంలో సభ్యుడు. ఇల్లు తగలబడుతున్నా ముందు ఒక ఎకసెక్కం ఆడి, తర్వాత నీళ్లు పోసే రకం.

"బావా, బందరు నుంచి ఆఫీసరొచ్చాడు. తోటెవరిదో తేలుస్తాడంట. పక్కన పెళ్లిపెద్దలాగా కామందుగారు."

"ఇవాళొస్తారని చెప్పలేదే."

"చెప్పొస్తే మనం నిద్ర లేచి ఉంటాం కదా. పద, రేవులో మీ నాన్నొక్కడే ఉన్నాడు."

మా నాన్న తోటకు కాపలా. రేవు పక్కన పాకలో ఉండేవాడు. మేం చెట్ల మధ్య నుంచి బయటపడేసరికి ఆఫీసరు గొడుగు కింద నిలబడి ఉన్నాడు. కామందుగారు ఆయన పక్కనే ఉన్నారు. మా నాన్న తువ్వాలు అప్పటికే చేతిలోకి వచ్చేసింది.

"ఏమయ్యా పెద్దాయనా, ఈ తోట ఎవరిది?" అన్నాడు ఆఫీసరు.

"తమదేనండి."

ఆఫీసరు నవ్వాడు. "నాది కాదయ్యా. నేను ఇప్పుడేగా పడవ దిగింది. సరిగ్గా చెప్పు. ఈయనదా?"

మా నాన్న కామందుగారి కాళ్లవైపు చూశాడు. "అవునండి. తమరిదేనండి" అన్నాడు.

"సార్, ఆయన మర్యాదకన్నాడండి. మా వైపు అట్టాగే అంటారండి" అన్నాను.

"మీరెవరు?"

"సంఘం ప్రెసిడెంటునండి. ఆయన మా నాన్నండి."

"మర్యాదకి ఎవరైనా తోట ఇచ్చేస్తారా?" అన్నాడాయన. వెక్కిరింపుగా కాదు, నిజంగానే తెలియక అడిగాడు. "కాపలా ఉన్న మనిషికి తెలియదా తోట ఎవరిదో?"

కామందుగారు కళ్లజోడు తీసి పంచె అంచుతో తుడుచుకున్నారు. "విన్నారుగా సార్. నేను నేర్పింది ఏం లేదు" అన్నారు.

గుమాస్తా రాసుకున్నాడు. మా నాన్న చేత వేలిముద్ర వేయించుకున్నాడు. మా నాన్న సిరా వేలిని అరటాకుకు తుడుచుకుని, నా దగ్గరికి వచ్చి మెల్లగా అడిగాడు. "కామందుగారు ఎండన పడొచ్చారు. బొండాం కొట్టనా?"

సాయంత్రం సంఘం షెడ్డులో అందరూ చేరారు. మా నాన్న ఒక స్తంభానికి ఆనుకుని నేల మీద కూర్చున్నాడు. తను ఏం చేశాడో ఆయనకు ఇంకా పూర్తిగా తెలియలేదు. ఏదో చేశానని మాత్రం తెలిసింది.

"మావయ్యా, రేపెవరైనా నా పడవెవరిదని అడిగితే కాస్త దగ్గొచ్చినట్టు నటించు. నాకున్నది అదొక్కటే" అన్నాడు లక్ష్మయ్య.

కొందరు నవ్వారు. ఒకావిడ నవ్వలేదు. "నవ్వుతారేంటి మీరు? కౌలు పోతే మళ్లీ కామందు దొడ్లోకే కదా పోయేది. ఆ రెల్లు కొట్టినప్పుడు నా చేతులు ఎట్టా అయినయ్యో చూశారా ఎవరైనా" అని మా నాన్నవైపు తిరిగి, "తాతా, మా పిల్లల నోట్లో మన్ను కొట్టావు" అంది.

అందరూ నావైపు చూస్తున్నారు. వాళ్ల తండ్రి కాదు, నా తండ్రి. నాకు తల ఎత్తుకునే దారి కనబడలేదు. లేచి నిలబడి, ఊళ్లో పశువుల్ని అదిలించే గొంతుతో అరిచాను. "దేవుడు నీకు నోరెందుకిచ్చాడు? సొంత కొడుకు తోటని పరాయివాడిదని చెప్పడానికా? మనిషివేనా నువ్వు?"

మా నాన్న స్తంభం పట్టుకుని లేచాడు. తువ్వాలు భుజం మీద నుంచి తీసి చేత్తో పట్టుకున్నాడు.

"తప్పయిందండి" అన్నాడు, నాతో.

నా వయసు అప్పటికి యాభై దాటింది. మా నాన్న నన్ను 'ఒరే' అనడమే తప్ప ఇంకోలా పిలిచింది లేదు. ఆ 'అండి' నా చెవిన పడ్డాక ఆ మీటింగులో ఇంకేం మాట్లాడుకున్నారో నాకు సరిగా గుర్తు లేదు. రాజకుమారి వచ్చి ఆయన చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకెళ్లింది. పోతూ పోతూ నన్నొక చూపు చూసింది. అది గుర్తుంది.

మేం బందరు వెళ్లి కాళ్లావేళ్లా పడితే ఆఫీసరు ఒక దారి చెప్పాడు. దసరాకి ముందు తన ఆఫీసులో విచారణ పెడతానని, ఆ పెద్దాయన స్వయంగా వచ్చి ఇద్దరి ఎదుటా మాట సరిచేసుకుంటే రాసుకుంటానని. మంచివాడే. కానీ మా కౌలు మొత్తం వచ్చి మా నాన్న నోటి మీద నిలబడింది.

అప్పటి నుంచి మా ఇంట్లో బడి మొదలైంది. సాయంత్రం పూట రాజకుమారి నులకమంచం మీద కాలు మీద కాలేసుకుని కూర్చునేది. ఆమే ఆఫీసరు. మా నాన్న ఎదురుగా నిలబడేవాడు.

"ఏమయ్యా పెద్దాయనా, ఈ తోట ఎవరిది?"

"ఎవరిదంటే బాగుంటదో చెప్పమ్మా, అట్టాగే అంటాను."

"మాది అను మావయ్యా. అంతే. ఒక్క మాట."

"మనది."

"మనది కాదు, మాది."

"రెండూ ఒకటే కదమ్మా."

"ఒకటెట్టా అవుద్ది? మనదంటే ఎదురుగా ఉన్నోడు కూడా లోపలికొచ్చేస్తాడు. మాదంటే రాడు."

"వస్తే ఏమైంది? ఎదురుగా మనిషిని పెట్టుకుని మాదీ మాదీ అంటే, నువ్వు అవతలికి పోవయ్యా అన్నట్టుండదూ?"

"అట్టా అనడానికే పోతున్నాం మావయ్యా."

మా నాన్న ఆ రాత్రి అన్నం దగ్గర కూర్చుని కలుపుతూ కలుపుతూ, నాతో కాదు, కంచంతో చెప్పినట్టు చెప్పాడు. "ఉప్పెన నాడు ఆయన మేడ తలుపు తియ్యకపోయినా అడిగేవాడు లేడు. తీశాడు. మన పేట మొత్తం ఆ మేడ మీదే బతికింది. నువ్వూ బతికావు. నీ పెళ్లాం బతికింది."

"మేడ మాటడిగితే మేడ మాటే చెప్పు మావయ్యా. నేనూ చెప్తాను" అంది రాజకుమారి. "వాళ్లడిగేది తోట మాట."

నేను మాత్రం ఆమె అంత నెమ్మదిగా ఉండలేకపోయాను. ఆయన తప్పు చెప్పినప్పుడల్లా విసుక్కునేవాణ్ణి. పేటలో పిల్లలు ఆయనకు 'తమది తాత' అని పేరు పెట్టారు. కనబడితే చాలు, చేతిలో ఉన్న గోలీ చూపించి "ఇదెవరిది తాతా?" అని అడిగేవాళ్లు. ఆయన అలవాటు కొద్దీ నోరు తెరిచి, ఠక్కున మూసుకునేవాడు. దాంతో వాళ్లకు ఇంకా నవ్వు. షీబా ఒకడిని కొట్టి వచ్చింది.

ఒక మధ్యాహ్నం నేను లంకలో గెలలు చూసుకుంటూ వెళ్తుంటే చెట్ల అవతల మాట వినబడింది. మా నాన్న ఒక్కడే ఉన్నాడు. ఎదురుగా ఒక చెట్టు. తువ్వాలు భుజం మీద వేసుకున్నాడు, అది జారకుండా ఎడమ చేత్తో అదిమి పట్టుకున్నాడు. "మాదండి" అంటున్నాడు చెట్టుతో. కాసేపాగి, "కామందుగారూ, మాదండి" అన్నాడు. తర్వాత ఆ చెట్టుకు చేతులెత్తి దండం పెట్టాడు. నేను చప్పుడు చెయ్యకుండా వెనక్కి వచ్చేశాను. వచ్చాక రాజకుమారితో "నేర్చుకున్నాడు, ఫరవాలేదు" అన్నాను. అంతే చెప్పాను.

విచారణ రోజు అవనిగడ్డలో బస్సెక్కాం. మా నాన్న, నేను, రాజకుమారి. ఆయన కిటికీ పక్కన కూర్చున్నాడు. చల్లపల్లి దాటాక, "కామందుగారు కూడా ఉంటారా?" అన్నాడు.

"ఉంటారు."

"అయితే ఆయన వంక చూడకుండా చెప్తాను."

"నా వంక చూసి చెప్పు మావయ్యా" అంది రాజకుమారి.

బందరు కోనేరు సెంటర్లో దిగి టీ తాగాం. ఆయన గ్లాసు సగంలో పెట్టేశాడు. ఆఫీసులో బంట్రోతు రాజకుమారిని వరండాలోనే ఆపేశాడు. ప్రెసిడెంటు, ముసలాయన, ఇద్దరే లోపలికి రావాలన్నాడు. ఆమె గుమ్మం దాకా వచ్చి మా నాన్న తువ్వాలు భుజం మీద సర్ది పంపింది.

లోపల ఆఫీసరు బల్ల ముందు కుర్చీలో కామందుగారు కూర్చుని ఉన్నారు. మా నాన్నను చూసి "ఏరా బాలిగా, బస్సులో కుదుపులు పడ్డావా?" అన్నారు. ఎప్పుడూ అడిగినట్టే అడిగారు. మా నాన్న ముఖం ఒక్క క్షణం వెలిగింది. "లేదు బాబూ, కూర్చోడానికి చోటు దొరికింది" అన్నాడు.

ఆఫీసరు కాగితం చూసి మొదలుపెట్టాడు. "పెద్దాయనా, ఆ రోజు మీరో మాట చెప్పారు. దాన్ని సరిచేసుకోవాలన్నారు కాబట్టి మళ్లీ అడుగుతున్నాను. బెదురు లేకుండా చెప్పండి. ఆ తోట ఎవరిది?"

మా నాన్న ఎడమ చెయ్యి తువ్వాలు మీదికి వెళ్లింది. అదిమి పట్టుకున్నాడు.

"మనదండి."

నేను కళ్లు మూసుకున్నాను.

"మనదంటే ఎవరిది?" అన్నాడు ఆఫీసరు.

"మనదేనండి."

"అందులో నేనున్నానా?"

మా నాన్న కాస్త ఆలోచించాడు. "తమరెప్పుడొచ్చినా ఓ అత్తం పళ్లు ఉంటయ్యండి" అన్నాడు.

గుమాస్తా నవ్వు ఆపుకున్నాడు. ఆఫీసరు కూడా నవ్వాడు కానీ వదల్లేదు. "నా సంగతి సరే. మల్లికార్జునరావు గారున్నారా ఆ మనదిలో? ఉన్నారా, లేరా? ఆ ఒక్క మాట చెప్పండి."

పైన ఫ్యాను తిరుగుతోంది. కామందుగారి చూపు కిటికీ మీద ఉంది. మా నాన్న ఆయన వంక చూడలేదు. రాజకుమారి కోసం గుమ్మంవైపు చూశాడు. తలుపు వేసి ఉంది. అప్పుడు నావైపు చూశాడు.

నేను కనురెప్ప వెయ్యకుండా ఆయన్నే చూశాను. నా ముఖం నాకు కనబడదు కానీ, అది ఎలా ఉందో తెలుసు. చిన్నప్పటి నుంచి ఆ చూపు కింద పని చేసినవాణ్ణి నేను. గట్టు మీద నిలబడి పని చెప్పేవాడి చూపు అది.

"లేరండి" అన్నాడు మా నాన్న.

ఆఫీసరు రాసుకుని, "మీరేమైనా చెప్పుకుంటారా రావుగారూ?" అని అడిగాడు.

కామందుగారు కుర్చీలోంచి లేచారు. "నేను చెప్పుకునేదేం లేదు సార్. ఆయన నా ముందు అబద్ధం ఆడడు" అన్నారు. మా నాన్నను 'ఆయన' అన్నారు. మా పక్క నుంచే బయటికి వెళ్లిపోయారు. వెళ్తూ మా వంక చూడలేదు.

కౌలు మాకే తిరగరాశారు. మేం బస్సు దిగి ఊరి రేవు దగ్గరికి వచ్చేసరికి అక్కడ కొబ్బరి మట్టలు కట్టి ఉన్నాయి. డప్పులు తెచ్చారు. ఎవరో బంతిపూల దండ తెచ్చి మా నాన్న మెడలో వేశారు. "ఇప్పుడడగండ్రా మావయ్యని, తోటెవరిదో" అన్నాడు లక్ష్మయ్య. పిల్లలు చుట్టూ చేరి "ఎవరిది తాతా, ఎవరిది?" అని గెంతారు. ఆయన నీళ్లలోకి దిగి కాళ్లు కడుక్కున్నాడు. చాలాసేపు కడుక్కున్నాడు. దండ తీసి పడవ కొయ్యకు తగిలించి ఇంటికి వెళ్లిపోయాడు. ముసలాయన అలిసిపోయాడులే అనుకున్నాం. అలా అనుకోవడం మాకు తేలికగా ఉంది.

మర్నాడు పొద్దున్నే అందరం లంక గట్టు మీద చేరాం. పారలు పట్టుకుని మా నాన్న వంక చూశాం, ఇవాళ కామందుగారైతే ఏం చెయ్యమనేవారో చెబుతాడని.

"నాకేం తెలుసు?" అన్నాడాయన. పాకలోకి వెళ్లి కూర్చున్నాడు.

అందరూ అలాగే నిలబడ్డారు. కాసేపటికి నేనే నోరు తెరిచి, మీరు ఎండుటాకు కొయ్యండి, మీరు గెడలు కట్టండి అని చెప్పాను. వెళ్లి చేశారు. మేస్త్రీ ఉండకూడదన్న మా సంఘానికి మేస్త్రీ ఆ పొద్దునే వచ్చాడు. ఎవరూ తప్పు పట్టలేదు. నాకే ఆ గొంతు కొత్తగా లేదు.

కార్తీకంలో కామందుగారి మనవరాలి పెళ్లి కుదిరింది. ఊరంతా తెలుసు. మా నాన్నకూ తెలుసు. ఏ చెట్లు కొట్టాలో చూసుకోవడానికి ఆయన తోటలోకి వెళ్తాడేమోనని నేను కనిపెట్టి చూశాను. వెళ్తే ఆపకూడదని కూడా అనుకున్నాను. వెళ్లలేదు. కత్తి చూరులోనే ఉంది.

పెళ్లికి ముందు రోజు మధ్యాహ్నం లక్ష్మయ్య పడవ రేవుకు వచ్చింది. అందులో కామందుగారు ఒక్కరే ఉన్నారు. లక్ష్మయ్య ముఖంలో ఎకసెక్కం లేదు. కామందుగారు ఒడ్డుకు దిగి, పంచె కాస్త పైకి పట్టుకుని పాక దాకా నడిచి వచ్చారు. మా నాన్న పాక ముందు తాడు పేనుకుంటున్నాడు. నేను కాస్త దూరంలో గెలలు తూకానికి పెట్టిస్తున్నాను.

కామందుగారు మా నాన్న ముందు ఆగారు.

"బాలస్వామిగారూ, బాగున్నారా?" అన్నారు.

ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. ఉంటే నాకు తెలిసిపోయేది. మా నాన్న చేతిలో తాడు ఆగింది. లేచి నిలబడ్డాడు.

"అమ్మాయి పెళ్లండి. గుమ్మానికి గెలలున్న చెట్లు రెండు కావాలి. మీ తోటలో బాగున్నాయని వచ్చాను. ఇప్పిస్తారా?"

ఆ 'గారు' కోసం, ఆ 'మీ తోట' కోసమే కదా మేం రెల్లు కొట్టింది. సంఘం పెట్టుకున్నప్పుడు చర్చి అరుగు మీద కూర్చుని, ఏదో ఒకనాడు కామందే మనల్ని అండీ అని పిలుస్తాడు చూడండని అన్నవాణ్ణి నేనే. పిలిచాడు. మా నాన్న ముఖం చూశాను. చెంపదెబ్బ తిన్నవాడు కూడా అలా ఉండడు. వాకిట్లోకి రావద్దని తలుపేసిన ఇంటి ముందు నిలబడ్డవాడిలా ఉన్నాడు.

"త..." అన్నాడు. అలవాటైన మాట నోటి దాకా వచ్చి ఆగింది. మాది అంటాడని చూశాను. మనది అన్నా బాగుండునని కూడా అనుకున్నాను. ఆయన మావైపు చెయ్యి చూపించాడు.

"వాళ్లనడగండి బాబూ" అన్నాడు. "తోట వాళ్లది."

కామందుగారు నావైపు తిరిగారు. నేను ఆయనకు ఎదురు వెళ్లలేకపోయాను, మా నాన్న వంక చూడలేకపోయాను. చూరులోంచి కత్తి తీసుకుని తోటలోకి వెళ్లిపోయాను. నిండు గెలలున్న చెట్లు రెండు చూసి, మొదలంటా నరికి, ఆకు చిరగకుండా ఒక్కొక్కటిగా భుజాన వేసుకుని పడవ దాకా మోశాను. లక్ష్మయ్య సాయం పట్టబోతే వద్దన్నాను. వెల ఎంతండీ అని కామందుగారు అడిగారు. నేను తల అడ్డంగా ఊపాను. అయిదేళ్ల కిందట ఆయన కూడా పుచ్చుకోలేదు కదా అని చెప్పాలనుకున్నాను.

"వస్తానండీ" అన్నారాయన, మా నాన్నతో.

పడవ కదిలింది. అరటాకులు గాలికి ఊగుతూ వెళ్లాయి. మా నాన్న రేవులోనే నిలబడి, అది అవతలి ఒడ్డుకు చేరేదాకా చూశాడు. తర్వాత ఏదో గుర్తొచ్చినట్టు, భుజం మీద తువ్వాలు ఉందో లేదోనని తడిమి చూసుకున్నాడు.

ఉంది.